ఆకుపచ్చ గడి

డింగో కంచె వెంట మనుషులకంటే గొర్రెలు ఎక్కువ, గొర్రెలకంటే ఈగలు ఎక్కువ. ఆ కంచెకు కాపలా మెర్వ్. గొర్రెల్ని పీక్కుతినే డింగో కుక్కలు దూరిన కన్నాలు వెతికి తీగ కట్టడం పగటి పని. చీకటి పడేలోపు గుడిసెలోని ల్యాప్‌టాప్ తెరిచి, పట్నంలోని ఆఫీసుకూ కనిపించే షీట్‌లో తన పేరు పక్కన ఆ రోజు గడిలో "బాగున్నా" అని రాయడం సాయంత్రం పని. రాస్తే గడి ఆకుపచ్చగా మారుతుంది. ఖాళీగా ఉండిపోతే ఎర్రబడుతుంది, వెతకడానికి పట్నం నుంచి బండి వస్తుంది.

ఆ రంగులు వేసేది ఆఫీసులో నోరీన్. మెర్వ్ ఆమెను ఎప్పుడూ చూడలేదు గానీ ఆమె చెయ్యి తెలుసు. చూపు ఆనడం లేదని ఒకసారి రాస్తే, అతని వరుసలో అక్షరాలన్నీ పెద్దవి చేసింది. వాన పడిందని రాస్తే గడికి నీలం వేసింది. అతని కుక్క చచ్చిపోయిన రోజు గడి చుట్టూ నల్లటి గీత గీసింది. ఆ గీత చూసి మెర్వ్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఒక రోజు ట్రక్కు రేడియోలో నోరీన్ గొంతు వినిపించింది.

"రేపటి నుంచి నేను రాను మెర్వ్. రిటైరైపోతున్నా. ఇక కొత్త సూపర్‌వైజర్ చూసుకుంటాడు."

"రంగులేస్తాడా?"

"నాకంటే తొందరగానే వేస్తాడట. ఇంత సేపు దేనికని నన్నే ఎగతాళి చేశాడు."

నిజమే. మర్నాడు "బాగున్నా" అని రాసి వేలు తీశాడో లేదో, గడి ఆకుపచ్చగా మారింది. నోరీన్ అయితే టీ తాగి, అందరివీ చదివి, అప్పుడు వేసేది.

మెర్వ్‌కు ముచ్చటేసింది. తన మాట కోసమే ఒకడు అక్కడ కాచుకుని కూర్చున్నాడన్నమాట. వాణ్ని ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని, ఇంకొంచెం రాయడం మొదలుపెట్టాడు. గోడ మీద బల్లి సంగతి, విడిపోయిన భార్య చేసే గుమ్మడికాయ సూప్ సంగతి, ఆదివారాలు తన గొంతు తనకే కొత్తగా వినిపించే సంగతి. ప్రతిసారీ వెంటనే ఆకుపచ్చ.

సరుకులు తెచ్చే కోలిన్ తలుపు దగ్గర ఆగి నవ్వాడు.

"ఏంటి గురూ, గడ్డం గీసుకుని మరీ కూర్చున్నావు దాని ముందు? పెళ్లిచూపులా?"

"పోరా. కొత్త కుర్రాడు మంచోడు. బదులు చెప్పడు గానీ ఓపిగ్గా వింటాడు."

కోలిన్ సరుకులు దించి వెళ్లిపోయాడు. మళ్లీ రెండు వారాలకు గానీ రాడు.

మర్నాడు నీళ్ల ట్యాంకు నిచ్చెన మెట్టు విరిగి మెర్వ్ కింద పడ్డాడు. తొడ ఎముక విరిగింది. రేడియో ట్రక్కులో ఉంది, ట్రక్కు ఎక్కే కాలు లేదు. పాక్కుంటూ గుడిసెలోకి వచ్చేసరికి పొద్దు వాలింది. ల్యాప్‌టాప్‌ను నేల మీదికి లాక్కుని రాశాడు.

"కాలు విరిగింది. లేవలేను. బండి పంపు బాబూ."

గడి వెంటనే ఆకుపచ్చగా మారింది.

"ఎంత చురుకో చూడు" అనుకుని, మెర్వ్ గోడకు చేరగిలబడి, తలుపు తీసే ఉంచి, బండి చప్పుడు కోసం ఎదురుచూడసాగాడు.

నోరీన్ వెళ్లిన రోజే సూపర్‌వైజర్, ఇక ఆ షీట్‌ను ఎవరూ తెరిచి చదవనక్కర్లేకుండా ఒక ఏర్పాటు చేసి ఉంచాడు: గడి ఖాళీగా ఉంటేనే ఎర్రబడి తన ఫోన్ మోగాలి, అందులో ఏం రాసినా సరే, దానంతటదే ఆకుపచ్చగా మారిపోవాలి.