తప్పు చోట ఎర్ర చుక్క

ఉచ్చీరప్ప తలుపు తట్టలేదు, తన్నాడు. గడియ ఊడి అవతలి గోడకు తగిలింది.

ఆదోని పత్తి యార్డు ఎదురుగా మేడ మీద ఒకే ఒక గది అది. లోపల సంతోషి, ఆమెతో పనిచేసే సామ్సన్ కంప్యూటర్ల ముందు కూర్చుని ఉన్నారు. సామ్సన్ లేవబోయాడు. ఉచ్చీరప్ప స్టూలెత్తి అతని భుజం మీద దించాడు. ఎముక విరిగిన చప్పుడు ముగ్గురికీ వినపడింది.

"మ్యాపు చేసేది మీరేనా?"

"మేమేనన్నా," అంది సంతోషి.

చుట్టుపక్కల ఊళ్ళ సంగతులు జనమే రాసుకునే మ్యాపు అది. బావి, దర్గా, మగ్గాల వీధి, పాత గొడవ, ఏదైనా సరే తెలిసినవాళ్ళు గుర్తు పెట్టొచ్చు. తప్పుంటే ఇంకొకరు దిద్దొచ్చు. ఇంకా పూర్తికాలేదు గానీ, అప్పుడే ఎమ్మిగనూరు టీకొట్ల దాకా పాకింది.

ఉచ్చీరప్ప కడుపుమంట కూడా అక్కడే మొదలైంది. ఎవరో ఒక పత్తి మిల్లు వెనక ఎర్ర చుక్క పెట్టి, కింద ఇలా రాశారు: 'హమాలీల నాయకుడు బసవన్నను నరికి పూడ్చింది ఇక్కడే. నరికినవాడు మాదన్న.'

మాదన్నట! కోడిని కోస్తుంటే కళ్ళు మూసుకునే మాదన్న! శవం దొరక్క కేసు మూలపడింది గానీ, నరికింది ఎవరో ఎమ్మిగనూరులో అందరికీ తెలుసు. ఆ ఒక్క చావు పేరు చెప్పుకునే ఉచ్చీరప్ప ఇన్నేళ్ళూ బతికాడు. అతను వస్తుంటే షాపులవాళ్ళు లేచి నిలబడేవారు. ఇప్పుడు మాదన్నకు నిలబడుతున్నారు. ఆ సన్నాసి కాదనకుండా మీసం దువ్వుకుంటున్నాడు. నిన్న టీకొట్టువాడు మొదటి గ్లాసు మాదన్నకిచ్చి, ఉచ్చీరప్పను కాసేపు ఆగమన్నాడు. ఆగమన్నవాడి పళ్ళు రాలాయి గానీ, పోయిన పరువు తిరిగి రాలేదు.

"ఈ సుక్క పెట్టిన నా కొడుకు ఎవడు? సెప్పు!"

"ఎవరైనా పెట్టచ్చన్నా. పేర్లు కనపడవు."

చెంప పేలిపోయింది. సంతోషి పెదవి చిట్లి రక్తం కీబోర్డు మీద కారింది. ఉచ్చీరప్ప వేటకొడవలి తీసి కంప్యూటర్‌ను అడ్డంగా చీల్చాడు. అదే కొడవలి సామ్సన్ మెడ మీద పెట్టాడు.

"మాదన్న పేరు తీసెయ్. ల్యాకుంటే వీని తల తీస్తా."

"పేరొకటే తీసేకి కాదన్నా." సంతోషి చేతులు జోడించింది. "చోటు తప్పని ఎవరైనా సుక్కను జరిపితే, రాసిందంతా దానంతటదే పోతాది."

"జరిపినోని పేరు పడతాదా?"

"పడదన్నా." తన ఫోన్ తీసి అతని చేతిలో పెట్టింది.

కోపమొస్తే ఉచ్చీరప్పకు ముందూ వెనకా ఉండవు.

"మిల్లు ఎనకాల ఎవడన్నా పూడుస్తాడా? నీళ్ళ పైపులోళ్ళు ఎప్పుడూ తవ్వే చోటది! బుద్ధుండాల రాసేటోనికి!"

నెత్తుటి వేలితో చుక్కను లాగాడు. ఆదోని దాటించి, తుగ్గలి దారి పట్టించి, మూతపడ్డ కంకర క్వారీ దగ్గర వదిలాడు.

"ఏ పక్కన్నా?" అంది సంతోషి. "సరిగ్గా లేకుంటే సుక్క మళ్ళా మిల్లు కాడికే పోతాది."

పిల్ల బాగానే భయపడిందనుకున్నాడు ఉచ్చీరప్ప. అతనికి సంతోషమేసింది.

"మోటరు గది ఎనకాల. తూర్పు గట్టు కింద." చుక్కను అక్కడే నొక్కిపెట్టాడు.

మాదన్న పేరు మాయమైంది. ఉచ్చీరప్ప ఫోన్ నేలకేసి విసిరాడు. పోతూ పోతూ సామ్సన్ కడుపులో ఒక తన్ను తన్ని మెట్లు దిగాడు.

ఎమ్మిగనూరు చేరేసరికి టీకొట్టువాడు వాచిన మూతితో లేచి నిలబడ్డాడు. మొదటి గ్లాసు ఉచ్చీరప్ప చేతికే వచ్చింది. ఒక గుక్క తాగి, దర్జాగా కాలు మీద కాలేసుకుని, తను దిద్దిన చుక్కను చూసుకుందామని ఫోన్ తెరిచాడు.

దాని కింద అప్పుడే ఎవరో కొత్తగా రాశారు. కూడబలుక్కుంటూ చదివాడు.

'తప్పు చోట చుక్క పెట్టింది నేనే, దిద్దిన ఉచ్చీరప్పన్నకు దండాలు, తవ్వడానికి పోలీసులతో బయల్దేరాం — సంతోషి, బసవన్న కూతురు.'