ఈ ఇసుక ఎక్కడిది?

కర్ర్‌మంది.

మణి చెయ్యి ఉన్నచోటే ఆగిపోయింది. కిటికీ అద్దాలు తోమేవాళ్ళు కలలో కూడా వినకూడదనుకునే చప్పుడది. బ్రష్షు పక్కకు తీసి, పొడిగుడ్డతో తుడిచి చూసింది. హాలు ముందువైపు నిలువెత్తు అద్దం మీద, సరిగ్గా మనిషి కంటికి ఎదురుగా, జానెడు గీత.

"ప్రభువా!" అంది.

పొద్దున్న ఇంటి యజమాని బంగార్రాజు చెప్పిన మాట ఇంకా చెవిలోనే ఉంది. "సూడమ్మాయ్, ఈ అద్దం విశాఖ నుంచి తెప్పించేను. రేపు తెల్లారితే గృహప్రవేశం. చోడవరం అంతా ఇక్కడే ఉంటాది. ఒక్క గీత పడిందా, కొత్తద్దం నువ్వే వేయించాలి. ఆపైన ఈ ఊళ్ళో నీకెవుడు పనిస్తాడో నేనూ సూస్తాను." బెల్లం వ్యాపారే గాని, మాటలో తీపి ఇసుమంతైనా ఉండదు.

అందుకే మణి ఆ బ్రష్షును చంటిబిడ్డను చూసుకున్నట్టు చూసుకుంది. కొత్త ఇల్లు కదా, ఎటు చూసినా ఇసుక, సిమెంటు పొడి. పైగా చెరకు ఆడే రోజులు, గాలి వీస్తే బెల్లం పొయ్యిల నుసి. ఒక బకెట్టులో సబ్బునీళ్ళు, ఇంకో బకెట్టులో మంచినీళ్ళు పెట్టుకుని, అద్దం ఒకసారి తోమితే బ్రష్షు ఒకసారి జాడించింది. పొరపాటున కూడా నేల మీద పెట్టలేదు. మధ్యాహ్నం పెరట్లోకి అన్నం తినడానికి వెళ్తూ కూడా, శుభ్రంగా కడిగి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి ముడేసి, కిటికీ కొక్కేనికి తగిలించి మరీ వెళ్ళింది.

తిరిగొస్తుంటే గుమ్మం దగ్గర బంగార్రాజు తల్లి దేముడమ్మ అరిచింది. "ఒసే గుంటా, గడప తొక్కకే! ఇప్పుడే కడిగి పసుపు రాసేను."

మణి గడపను దాటుకుని వచ్చింది. సంచికి ముడి వేసినట్టే ఉంది. విప్పి, సబ్బునీళ్ళలో ముంచి, అద్దం మీద పెట్టింది. మొదటి తోముడుకే ఈ ఘోరం.

బ్రష్షు కుచ్చు విడదీసి చూసింది. కుచ్చు మొదళ్ళలో ఇసుక రేణువులు. ఒకటి కాదు, నాలుగైదు.

"ఈ ఇసక ఎక్కడిది?" అనుకుంది. గాలికి ఎగిరొచ్చిందా? సంచిలోనే ఉందా? నేనే చూసుకోలేదా? బ్రష్షు కడిగిన చేతుల మీదే ఆమెకు నమ్మకం పోయింది. గీతను బొటనవేలితో రుద్దింది. నోటి ఆవిరి పట్టింది. పోతే కదా!

బయట బండి ఆగింది. బంగార్రాజు.

మణి గబుక్కున గుడ్డ ముంచి గీత మీద పిండింది. వింత చూడండి, తడి ఉన్నంతసేపూ గీత కనపడలేదు.

"అయ్యిందేటమ్మా?"

"అయిపోవచ్చింది బాబూ. ఇంకొక్కసారి నీళ్ళు కొడతాను."

"ఎన్నిసార్లు కొడతావు? సాలు, ఆపీ. ఆరనీ, సూద్దుం." కుర్చీ లాక్కుని అద్దానికి ఎదురుగా కూర్చున్నాడు.

మణి నోట్లో తడి ఆరిపోయింది. అద్దం మీద తడి కూడా పైనుంచి ఆరుతూ దిగుతోంది. మబ్బయినా పట్టదేం అనుకుంటూ బయటకు చూసింది. ఎండ ఫెళ్ళున కాస్తోంది. తడి ఇంకాస్త దిగింది. గీత కొస బయటపడింది. తర్వాత సగం. తర్వాత మొత్తం.

బంగార్రాజు కుర్చీలోంచి లేచాడు.

"ఏటిది? ఏటిదంట? పొద్దుటేలే సెప్పేనా నేదా?"

"బాబూ, దేవుడి తోడు, నేను బ్రష్షు కింద పెట్నేదు..."

"కింద పెట్టకపోతే గీతెలా పడ్డాది? ఇసకలో పడేసి ఉంటావు. ఏదీ ఆ బ్రష్షు, ఇలా తే!" అని చెయ్యి చాపాడు.

"ఒరే బంగారీ!" దేముడమ్మ పసుపు చేతులతోనే పరుగులాంటి నడకతో వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. "ఆ గుంటనేటంటావు? నాను గీయించేను."

"నువ్వా! ఎందుకమ్మా?"

"ఎందుకేట్రా? ఇంతద్దం ఈ ఈదిలో ఎవులికుంది? సంటిగుంటడికి సుక్కెట్టకుండా బయటికి తీస్తామేటి? రేపొచ్చినోళ్ళ కళ్ళన్నీ దీని మీదే. మచ్చ నేకపోతే దిష్టి తగిలి పెటేల్మని పగిలిపోద్ది."

దిష్టంటే బంగార్రాజుకీ హడలే. మేడ మీద దిష్టిబొమ్మ, గుమ్మానికి గుమ్మడికాయ, బండికి నిమ్మకాయలు అతను కట్టినవే. గీత వంక ఇంకోసారి, ఈసారి కాస్త భక్తిగా చూశాడు.

"మరి ఆ పక్కద్దానికో?" అన్నాడు మెల్లిగా. "దానికీ ఒకటి గీయించకపోయేవా?"

మణికి పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఇంటికొకటి సాల్లే. ఎల్లు, వంటోళ్ళు ఎంతవరకొచ్చేరో సూడు," అని దేముడమ్మ కొడుకును సాగనంపింది.

బండి వెళ్ళిపోయింది. మణికి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే ముసలామె చేతులు రెండూ పట్టుకుంది.

"నా కోసం అబద్ధమాడేరు మామ్మా. మీ మేలు సచ్చినా మర్చిపోను. నిజంగా జాగర్తగానే ఉన్నాను. ఆ ఇసక ఎలా దూరిందో నాకే తెలీడం నేదు."

దేముడమ్మ వీధిలోకి తొంగి చూసింది. కొడుకు మలుపు తిరిగాడని రూఢి చేసుకుని, గొంతు తగ్గించింది.

"నీ కోసమేటే గుంటా! నీ సంచిలో బ్రష్షు తీసి గడప తోమింది నానేనని తెలిస్తే, ఆడు రేపు నన్నీ గడప తొక్కనిస్తాడేటి?"