డొప్ప లేని మందు

చెత్తబుట్టలోంచి ఏరిన ఖాళీ క్యాప్సూల్ డొప్పల్ని పూజిత అత్తగారి ముందు కుమ్మరించింది.

"మందంత పారబోస్తున్నరా అత్తమ్మా? అందుకే మీ కొడుకు నెల సంది దుకాణం మొఖం చూస్తలేడు!"

"పారబోసుడేంది? డొప్పలే పడేసిన," అంది విమలాదేవి. "జంతువుల ఎముకలతోని చేస్తరంట. మనింట్ల గుడ్డు గూడ ముట్టం గద! లోపలి గింజలు నూరి, తేనెల కలిపి నేనే తినిపిస్తున్న."

"అయ్యో! అది కొత్త మందు, కడుపుల మెల్లగ కరగాలె. నూరితే పాడైతది. డొప్పతోనే మింగాలన్నడు డాక్టర్!"

"గా ముచ్చట నాకెవరు చెప్పిన్రు? బలం గోళీలన్నవు. బలం కోసం ఎముకలు తినాల్నా అనుకున్న."

పక్క గదిలో గోడవైపు తిరిగి పడుకున్న పూజిత భర్త విశ్వేశ్వర్ కదిలాడు. పూజిత గొంతు తగ్గించింది.

"మనసు మందంటే మీరు వద్దంటరని... మన మొఘల్‌పురా బస్తీ అంత తెలుస్తదని..."

"నా కొడుకు నవ్వక ఎన్ని దినాలాయె, నాకు కానొస్తలేదా?"

విమలాదేవి మందు షీటు తీసి కోడలి చేతిలో పెట్టింది.

"పో, డొప్పతోనే మింగించు. దేవునికి నేను చెప్పుకుంట."