కోటు విప్పని మనిషి

ఆ ముసలాయన కోటు విప్పడు. డెర్వలాకు అదే కంట్లో నలుసైంది.

లైబ్రరీ గదిలో వేడికి చదువుకునే పిల్లలంతా స్వెట్టర్లు తీసి కుర్చీలకు తగిలించుకున్నారు. ఈయన మాత్రం మోకాళ్ళ దాకా వేలాడే ఉన్ని కోటులో చెమటలు కక్కుతూ బీరువాల మధ్య నిలబడతాడు. కూర్చోడు. ఒక్క పుస్తకమూ అడగడు.

"ఎవరాయన?" అని గుమ్మం దగ్గర కాపలా ఉండే ఫెస్టీని అడిగింది.

"పడమటి తీరంలో కొనెమారా వైపు మనిషి. గురువారం బస్సుకి వస్తాడు."

"పేరు?"

"అడిగాను. ఈ వాన ఇప్పట్లో తగ్గేట్టు లేదన్నాడు."

డెర్వలా అనుమానం ఊరికే పుట్టలేదు. ఐర్లండ్ పుస్తకాలన్నీ ఒక్కచోటికి చేర్చాలని ఆ విశ్వవిద్యాలయం లైబ్రరీలో ఈ గది తెరిపించింది ఆమే. ఊరూరా తిరిగి, అటకలెక్కి, చర్చి ఫాదర్ల ఇళ్ళలో చల్లారిన టీలు తాగి ఒక్కొక్కటే పోగేసింది. తాళం వేసి ఉంచమన్నాడు డైరెక్టరు. ఎవరైనా వచ్చి చేత్తో తీసుకుని చదువుకోవాలని పట్టుబట్టింది డెర్వలా. చివరికి ఒక షరతు మీద ఆయన దిగివచ్చాడు. ఒక్క పుస్తకం పోయినా గది మూసేస్తారు.

కిందటి నెలలోనే పక్క ఊరి లైబ్రరీలో ఎవడో పాత పటాలు కోటు మాటున పెట్టుకుని పోయాడు.

ఇంత పోగేసినా ఆమెకు ఒక లోటు ఉండిపోయింది. కొనెమారా తీరానికి ఎదుటి దీవిలో ఒకప్పుడు ఓ బడిపంతులు బెస్తవాళ్ళ పాటలు రాసుకుని, చేతి యంత్రం మీద తానే అచ్చువేశాడు. నాలుగు పలచని భాగాలు. ఇప్పుడు ఏ లైబ్రరీలోనూ లేవు. అవి లేకపోతే ఈ గది ఉప్పు లేని కూర అనిపించేది ఆమెకు. పేపర్లో ప్రకటన కూడా వేయించింది. ఇచ్చినవారి పేరు ఇత్తడి పలక మీద చెక్కిస్తాం, ఫొటో పేపర్లో వేయిస్తాం అని.

ఫెస్టీ అది చదివి పగలబడి నవ్వాడు.

"ఇత్తడి పలకా? ఇక వచ్చినట్టే నీ పుస్తకాలు. మా వైపు ఎవడి ఫొటో అయినా పేపర్లో పడిందంటే వాడి బతుకు కుక్కలు చింపిన విస్తరే. పబ్బులోకి అడుగు పెట్టడం ఆలస్యం, దొరగారూ, గ్లాసు తమరే ఎత్తుకుంటారా, మమ్మల్ని పట్టమంటారా అంటారు."

"మంచిపని చేసినవాడు పేరు చెప్పుకోకూడదా?"

"చెప్పుకోవచ్చు. తర్వాత ఊరు మారాలి, అంతే."

డెర్వలాకు నవ్వు రాలేదు. మనుషులు ఇంత వంకరగా ఉంటే పుస్తకాలు ఎలా వస్తాయని ఒళ్ళు మండింది.

ఒక గురువారం ఆమె నిచ్చెన మీద ఉండగా ఆ సంగతి కంటపడింది. ముసలాయన అందరికీ వీపు పెట్టి నిలబడ్డాడు. చెయ్యి కోటు లోపల ఉంది. ఆమె గబగబా దిగేసరికి మనిషి బయటపడ్డాడు.

మరుసటి గురువారం ఆమే గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆయన వానలో తడిసి వచ్చాడు.

"కోటు ఇక్కడ తగిలించి వెళ్ళండి, పెద్దాయనా."

"చలి తల్లీ."

"లోపల వేడిగానే ఉంది."

"ముసలి ఎముకలకు ఆ సంగతి తెలీదమ్మా."

"రూలు అందరికీ ఒకటే."

"కిందటి వారం లేదే ఈ రూలు."

"ఈ వారం వచ్చింది."

పిల్లలు తలలెత్తి చూస్తున్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చెయ్యి ఛాతీ మీద కోటును అదిమి పట్టుకుంది.

"నా మీద అనుమానమా?"

కాదనడానికి ఒక్క క్షణం చాలు. డెర్వలా అనలేదు.

"ఇక్కడున్నవి జనం సొత్తు. వాటికంటే నాకు ఎవరూ ఎక్కువ కాదు."



"మంచి మాట. అట్లాగే చూసుకో వాటిని," అన్నాడు. మెడ దాకా బొత్తాలు పెట్టుకుని మళ్ళీ వానలోకి దిగాడు.

"విప్పలేదు, చూశావా?" అంది డెర్వలా.

ఫెస్టీ వెళ్ళి తలుపు మూశాడు.

ఆ తర్వాత గురువారాలు వచ్చాయి, బస్సులు వచ్చాయి. ఆయన రాలేదు. గుండెల మీంచి బరువు దిగిందనుకుంది డెర్వలా. కానీ ఇప్పటికే ఏమేం పోయాయోనన్న బెంగ మాత్రం పీకుతూనే ఉంది. చివరికి ఒక సెలవురోజున ఫెస్టీని తోడు పెట్టుకుని బీరువాలన్నీ సరిచూసింది.

ఒక్కటీ పోలేదు.

ముసలాయన నిలబడే బీరువా దగ్గర, రెండు లావుపాటి సంపుటాల నడుమ వేలికి ఏదో పలచగా తగిలింది. లాగింది. బెస్తవాళ్ళ పాటలు, మొదటి భాగం. అంచులు చదివి చదివి మెత్తబడ్డాయి. తెరిస్తే పొయ్యి పొగ వాసన. లైబ్రరీ ముద్ర లేదు, నంబరు లేదు.

దాని పక్కనే రెండోది. ఆ పక్కన మూడోది.

నాలుగోదాని కోసం వరస చివరిదాకా, గోడదాకా తడిమింది. లేదు.

"ఏమైంది? ఎత్తుకుపోయాడా?" అన్నాడు ఫెస్టీ.

"లేదు ఫెస్టీ. తెచ్చాడు. నాలుగోదాన్ని నేనే గుమ్మంలోంచి తిప్పి పంపేశాను."