బతికే వేషం

"ఇవాళ నన్ను చంపుతున్నారా, లేదా? ఒక్క ముక్కలో తేల్చు!" యిప్, ప్రొడక్షన్ మేనేజరు లావు కీ చొక్కా పట్టుకున్నాడు.

"వదులు బాబాయ్, అన్నం ఒలికిపోతుంది!" కీ తన బాతుకూర డబ్బాను నెత్తి పైకెత్తాడు. "డైరెక్టరమ్మ ఏ రోజు సీను ఆ రోజే రాస్తుంది. క్లైమాక్సు నాకు మాత్రం ఏం తెలుసు?"

అది షూటింగు ఆఖరి రోజు. హాంకాంగ్‌లోని షామ్‌షుయ్‌పో పేట చేపల సందులో యిప్ ఆ కొసకూ ఈ కొసకూ తిరుగుతూనే ఉన్నాడు. ముద్ద దిగడం లేదు. సినిమాల్లో శవం వేషాలు వేసుకుని బతికిన మనిషి. డిటెక్టివ్‌గా, అదీ హీరోగా, ఇదే మొదటి బేరం. అతను చచ్చిపోయే సినిమా భార్య చూడదు. అంటే ఇంతవరకు ఒక్కటీ చూడలేదు. ఈసారి బతుకుతానని మాటిచ్చాడు. మొదటి ఆటకని ఆమె కొత్త బట్టలు కూడా కుట్టించుకుంది. సరుకు చూడకుండా ఇచ్చిన మాట అది.

"నీ జేబులు చూపించు."

"ఎందుకు బాబాయ్?"

"ఎర్ర కవరు ఉందేమోనని."

కీ నవ్వాడు. తెర మీద చచ్చినవాడికి పీడ పోవాలని ఎర్ర కవరులో నోటు పెట్టి ఇవ్వడం హాంకాంగ్ సినిమావాళ్ల ఆనవాయితీ. కవరు ఇవ్వకుండా ఎవరినీ చంపరు. కీ జేబులు తిరగేసి చూపించాడు. సిగరెట్లు, బస్సు కార్డు, మాసిన రుమాలు. అంతే.

యిప్ కాస్త తెరిపిన పడ్డాడు. "అయినా ఇదేం కథరా? ఊరంతా తిరిగి హంతకుణ్ణి వెతుకుతాను. ఒక్కడూ నాతో మాట కలపడు. టీ కొట్లో కూర్చుంటే కప్పులో చుక్క పోసే దిక్కు లేదు."

"వెరైటీ సినిమా బాబాయ్. కేసు కంటే మనిషి ముఖ్యమట."

"ముఖ్యమైన మనిషికి టీ పొయ్యొద్దూ?"

అంతలో డైరెక్టరమ్మ వచ్చింది. "బాబాయ్, ఆఖరి షాటు. ఈ సందులోంచి నడుచుకుంటూ వెళ్లిపో. వెనక్కి చూడకు."

"తుపాకీ పేలుతుందా?"

"లేదు."

"కత్తి?"

"నిన్నెవరూ ముట్టుకోరు, సరేనా?"

యిప్ నడిచాడు. పొలుసులు గీకుతున్న ఆడవాళ్లెవరూ తలెత్తలేదు. సందు చివర మలుపు తిరిగాడు. "కట్!" అన్నారు. చప్పట్లు మోగాయి.

అక్కడి నుంచే ఇంటికి ఫోను కొట్టాడు. "ఏమే, బతికిపోయాను! కొత్త బట్టలు ఇస్త్రీ చేయించుకో!"

తర్వాత కీ పక్కన చతికిలబడి, అతని డబ్బాలోంచి బాతు ముక్క లాక్కున్నాడు. "గిట్టుబాటు బేరంరా అబ్బాయ్! మొదటి రోజు పూజయ్యాక మీరు అందరికీ పంచిన శుభశకునం కవరే కలిసొచ్చింది. ఆ రోజు షాటులో నేను చేసిందేముంది? బల్ల మీద తల పెట్టి నిద్రపోయాను. ఫోను మోగుతున్నా లేవలేదు."

కీ నమలడం ఆపేశాడు.

"అందరికీనా? ఆ రోజు మాకు కాల్చిన పందిమాంసం పెట్టారు, అంతే బాబాయ్. ఎర్ర కవరు నీ ఒక్కడికే ఇమ్మంది డైరెక్టరమ్మ."