యాదమ్మకు పడిన ఓట్లు

"ఒక్కటి మరువకుంట చూసి రా. ఒచ్చినంక అన్నీ చెప్పాలె," అంది ఈరమ్మ.

అంతలో వంటింట్లో పాలు పొంగాయి. "జర ఆగు తల్లీ, ఒస్తున్న," అని పాలకు చెప్పి, గోడ పట్టుకుని మెల్లగా లోపలికి నడిచింది. మోకాళ్ల నొప్పులు లేకపోతే ఆమే బయల్దేరేది. కొత్తపేట రైతుబజార్ గోడ మీది నాటకం పోస్టర్‌ను ఎవరితోనో చదివించుకుని విన్న రోజు నుంచీ మొగుణ్ణి నిలవనివ్వడం లేదు.

జానయ్య హయత్‌నగర్ డిపోలో బస్సు డ్రైవర్. సకల జనుల సమ్మె ముగిసి నెల కాలేదు. తెలంగాణ కోసం నడిరోడ్డు మీద వండుకు తిన్న మనిషి, ఇస్త్రీ చొక్కా వేసుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హోటల్ పైఅంతస్తుకు చేరాడు.

అక్కడ భోంచేస్తూ నాటకం చూడాలి. చూడటమే కాదు, హంతకుణ్ణి కూడా పట్టుకోవాలి. నాటకం రాసి ఆడిస్తున్న చక్రపాణి, కోటు వేసుకుని బల్లల మధ్య తిరుగుతూ వివరించాడు.

"కాసేపట్లో ఇక్కడ హత్య జరుగుతుందండి. మీరు ఎవర్నైనా ప్రశ్నలు అడగొచ్చు. చివర్లో హంతకుడెవరో ఓటు వేయాలి. మా నటులు కొందరు మీ పక్కనే కూర్చుని ఉంటారు. ఎవర్నీ నమ్మకండి."

మూలబల్ల దగ్గర జానయ్యను చూసి ఒక్క క్షణం తడబడ్డాడు. మళ్లీ మాట అందుకున్నాడు.

సూపు రాగానే దీపాలు ఆరాయి. వెలిగేసరికి బంగళా యజమాని నేల మీద పడి ఉన్నాడు. ఆయన భార్య, డాక్టరు, మేనేజరు వరసగా వచ్చి పేపర్లో అచ్చేసినట్టు మాట్లాడి వెళ్లారు. ఆఖర్న పనిమనిషి యాదమ్మ వచ్చింది. పొయ్యి మీది పాలవైపు తిరిగి, "జర ఆగు తల్లీ, ఒస్తున్న," అంది.

హాలంతా పగలబడి నవ్వింది.

జానయ్య చేతిలో చెంచా ఆగిపోయింది. ఇందులో నవ్వడానికి ఏముంది? శవాన్ని చూసి ఆమె "గిట్లెట్లాయె సారూ" అన్నా నవ్వారు. "నాకెర్క లేదు" అన్నా నవ్వారు. ఏడిస్తే ఇంకా నవ్వారు.

పక్క కుర్చీలో సూర్యప్రభ అనే ఆవిడ కళ్లు తుడుచుకుంది. "ఏమనుకోకండి అన్నయ్యగారూ, ఆ యాస వింటేనే నవ్వొచ్చేస్తుంది," అంది. ఆమె మనసులో ఏ చెడూ లేదు. జానయ్యకు ఒళ్లు మండింది అందుకే.

ప్రశ్నల వంతు రాగానే లేచి నిలబడ్డాడు.

"నా సవాల్ నాటకం రాసినాయనకు. గింతమంది ఉన్నరు. గా పనిమనిషి ఒక్కదానికే మా మాట ఎందుకు పెట్టిండ్రు?"

చక్రపాణి నవ్వు తెచ్చిపెట్టుకున్నాడు. "పాత్ర సహజంగా ఉండాలి కదండీ."

"డాక్టరు గిట్ల మాట్లాడితే సహజం కాదా? మా దిక్కు డాక్టర్లు లేరా?"

"పెద్దాయనగారూ, ఇది కేవలం వినోదం కోసం..."

"పాలతోని అనే గా మాట నీకు యాడ దొరికింది?"

"ఎక్కడో విన్నదేనండి." చక్రపాణి తల దించుకున్నాడు. "పల్లెటూరి ఆడవాళ్లు అలాగే అంటుంటారు కదా."

"మా ఇంటామె పొద్దుమాపు పొయ్యికాడ నిలవడి అనే మాట అది. అది అనుకుంటనే పిల్లల్ని సాదింది. దాన్ని తెచ్చి వీళ్లకు నవ్వుకోనీకి పెడతవా?"

తింటున్నవాళ్లంతా తలలెత్తి చూశారు. చక్రపాణి గబగబా చేతులెత్తాడు.

"కంగారు పడకండి. ఈయన మా నటుడే."

చప్పట్లు మోగిపోయాయి. "ఏం చేశాడండీ, నిజంగా కోపమొచ్చినట్టే ఉంది," అన్నారెవరో. సూర్యప్రభ లేచి నిలబడి మరీ కొట్టింది. ఇక బండబూతులు తిట్టినా నమ్మేట్టు లేరు. జానయ్య కూలబడ్డాడు.

హంతకుడు మేనేజరని చివర్లో తేలింది. ఓట్లు మాత్రం యాదమ్మకే పడ్డాయి. ఆ మాట మాట్లాడే మనిషి హత్య కూడా చేసే ఉంటుందని అంతమంది చదువుకున్నవాళ్లకు తోచింది. జానయ్య ఒక్కడే తన చీటీ మీద చక్రపాణి అని రాశాడు.

బిర్యానీ ముట్టకుండా కిందికి దిగి, ఎల్బీనగర్ వైపు పోయే ఆటో కోసం రోడ్డు పక్కన నిలబడ్డాడు. గడపలో అడుగు పెట్టగానే ఈరమ్మ అన్నీ చెప్పమంటుంది. ఏం చెప్పాలి? ఆమె దగ్గర అబద్ధమాడటం ఆయనకు ఏనాడూ చేతకాలేదు.

వెనక నుంచి చక్రపాణి పరుగెత్తుకొచ్చాడు. కోటు విప్పి చేతిలో పట్టుకున్నాడు. హోటల్ నుంచి ఎవరైనా వస్తున్నారేమోనని ఒకసారి వెనక్కి చూసుకుని, గొంతు తగ్గించి అన్నాడు:

"నాయినా, గీ ముచ్చట అమ్మకు చెప్పకు."