సారు పోలికలు

నది కాలేజీ కింది అంతస్తులోకి వచ్చిన ఏడాది జరిగింది ఇది. నీళ్లు తీసి ఆరు నెలలైనా గోడల మీద మట్టి చార ఇంకా పోలేదు.

మెడికల్ కాలేజీ లెక్చర్ హాల్లో బల్ల మీద విగ్రహం ఉంది. దానిమీద తెల్లగుడ్డ కప్పారు. పక్కన శిల్పి గోళ్లలో ఇరుక్కున్న ప్లాస్టర్ గీక్కుంటున్నాడు. తలుపు దగ్గర అటెండరు, ముక్కు కింది నుంచి గడ్డం దాకా తువ్వాలు చుట్టుకుని నిలబడ్డాడు.

"పన్ను పోటు ఇవాళే రావాలా నీకు?" ప్రిన్సిపాలు విసుక్కున్నాడు.

"వచ్చింది సార్."

"సాయంత్రం ఆవిష్కరణకి ఊళ్లో డాక్టర్లంతా ఇక్కడే ఉంటారు. పన్ను పీకేవాడు మాత్రం ఒక్కడూ ఉండడు, నీ ఖర్మ!" అని శిల్పి వైపు తిరిగాడు. "సారు భార్య కాదంటే ఎలాగయ్యా?"

"సుత్తి తెచ్చాను. పోలిక లేకపోతే పగలగొట్టమన్నారు కదా."

"అలా అనకు, నా గుండె ఆగిపోతుంది. పాత విద్యార్థులంతా దిగిపోయారు."

ఆ విగ్రహం ఫిజియాలజీ ప్రొఫెసరుగారిది. వరద రోజున ఆయన మొలలోతు నీళ్లలో నిలబడి మైక్రోస్కోపులన్నీ ఒక్కొక్కటే అందిస్తుంటే, అటెండరు మెట్ల మీద అందుకుని పైకి చేర్చాడు. మైక్రోస్కోపులు దక్కాయి. ఆయనకి ఛాతీలో నిమ్ము చేరింది. నెల తిరక్కుండా పోయారు.

ఫొటో ఒక్కటీ మిగల్లేదు. ఇంట్లోవి నీళ్లలో నాని తెల్లకాగితాలైపోయాయి. ఆఫీసు ఫైళ్లు కింది అంతస్తులోనే ఉండేవి. ఇక గ్రూపు ఫొటోల్లో ఆయన ఉండేవారే కాదు. కెమెరా ఆయనది, తీసేది ఆయనే.

శిల్పి అందరినీ అడిగాడు. మొదటి క్లాసులో ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి, పిల్లలందరి చేతా తన రక్తపోటే కొలిపించేవారు. ఆ అంకె అందరికీ గుర్తుంది. మొహం మాత్రం తలా ఒకటి చెప్పారు. కోలమొహం అని ఒకరు, గుండ్రం అని ఒకరు.

నెల రోజులుగా డ్యూటీ అవగానే అటెండరు శిల్పి షెడ్డుకు వెళ్తున్నాడు.

"అక్కడేం పనయ్యా నీకు?" అని పెళ్లాం నిలదీసింది.

"ఏం లేదు. కూర్చోవడమే."

"కూర్చోడానికి మనింట్లో చోటు లేదా?"

అతను తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరాడు. ఎప్పుడూ అంతే.

కారు ఆగిన చప్పుడైంది. ప్రొఫెసరుగారి భార్య లోపలికి వచ్చింది. భర్త బతికుండగా ఆవిడ ఏనాడూ కాలేజీ గడప తొక్కలేదు. అటెండరు ముందు ఆగింది.

"ఆ రోజు ఆయన దగ్గర మైక్రోస్కోపులు అందుకున్నది నువ్వేనా బాబూ?"

"నేనేనమ్మా."

"మొహానికేమైంది?"

"పన్నమ్మా."

"వాచిందా? తువ్వాలు తియ్యి, చూస్తాను. నేనూ నర్సుగా చేసినదాన్నే."

ఆవిడ చెయ్యి చాచింది. అటెండరు వెనక్కి జరిగాడు. ఇంకా జరిగాడు. వీపు గోడకి తగిలింది.

"వద్దమ్మా."

"పిల్లల తండ్రిలా ఉన్నావు, పంటికి భయపడతావేం?"

"అమ్మా!" శిల్పి గట్టిగా పిలిచాడు. "ముందు ఇటు రండి. వెలుతురు పోతోంది."

మిట్టమధ్యాహ్నం వెలుతురు ఎక్కడికి పోతుందో ప్రిన్సిపాలుకి అర్థం కాలేదు. ఆవిడ మాత్రం బల్ల దగ్గరికి నడిచింది.

"ఒక్క మాట చెప్పనా?" అంది. "కళ్లు మూసుకుంటే ఆయన గొంతు వినపడుతోంది. దగ్గు కూడా వినపడుతోంది. మొహమే రావడం లేదు. ఎంత ప్రయత్నించినా రావడం లేదు. అందుకే అంత గట్టిగా చెప్పాను. ఎవరిదో మొహం తెచ్చి పెడితే, ఇక ఎప్పటికీ రాదు."

శిల్పి గుడ్డ లాగాడు.

ఆవిడ చాలాసేపు చూసింది. కళ్లజోడు తడిమింది.

"ముక్కు ఇంత లావా?"

శిల్పి చెయ్యి సుత్తి మీదికి వెళ్లింది. ప్రిన్సిపాలు చేతిరుమాలు తీశాడు. తలుపు దగ్గర అటెండరు తల వంచేసుకున్నాడు.

ఆవిడ వేళ్లు మీసం మీదికి వచ్చాయి.

"ఇది చివరి నాలుగేళ్లదే. కాలేజీలో ఎవరి మీసమో చూసి ముచ్చటపడి పెంచారు. అప్పుడు నేను నవ్వాను." వేళ్లు కళ్ల దగ్గరికి వెళ్లాయి. "ఈ చూపు... ఎవరో ఏదో ఇస్తుంటే అందుకోబోతున్నట్టు..."

కళ్లు మూసుకుంది. తెరిచింది. మళ్లీ మూసుకుంది.

"ఆయనే," అంది. "వచ్చారు."

ప్రిన్సిపాలు గబగబా ముందుకొచ్చాడు. "అచ్చం సారేనమ్మా! రోజూ చూస్తున్నట్టే ఉంది!"

శిల్పికి దగ్గు వచ్చింది.

సాయంత్రం హాలు నిండిపోయింది. జుట్టు నెరిసిన డాక్టరొకాయన మైకు ముందుకొచ్చి, "నేను మొదట విన్న గుండె ఆయనదే," అన్నాడు. ఇంకేదో రాసుకొచ్చాడు గానీ చదవలేకపోయాడు.

అందరూ వెళ్లాక ఆవిడ తలుపు దగ్గర ఆగింది.

"ఇక వారం వారం వస్తాను. కాసేపు ఆయన ఎదురుగా కూర్చుని పోతాను. ఈ తలుపు తీసేది నువ్వేగా?"

"నేనేనమ్మా."

"పన్ను చూపించుకో మరి. ఆ రోజు ఆయనకి తోడు నిలబడ్డవాడివి, నీ మొహమైనా తెలియకపోతే ఎలా? ఈసారి తువ్వాలు ఉండకూడదు."

"ఉండదమ్మా."

మర్నాడు పొద్దున్నే అటెండరు సెలూనుకు వెళ్లి మీసం తీయించేసుకున్నాడు.